మా రేవు చేపలు వెలుగుతాయట

కూర్మన్నపాలెం,
ఆదివారం.

గురువత్తకి మేనకోడలు హిమబిందు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, వరహాలు మావయ్యా బాగున్నారని తలుస్తాను.

ఒకే ఊళ్ళో ఉండి ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే మావయ్య స్పీకర్ పెడతాడు. మొన్న నాకు జలుబు చేసిందని నీతో చెప్పిన మాట సాయంత్రానికి ఫిషింగ్ హార్బరంతా పాకిపోయి, ఎవరెవరో మిరియాల కషాయం కాచి పంపారు. ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చేయాల్సిన పని. అందుకే బాబీ ఆటోలో పెట్టెతో పాటు ఈ కాగితం కూడా పంపుతున్నాను. చిన్నప్పుడు ఉత్తరాలు రాయమంటే నువ్వు అన్నం కూడా మానేసి కూర్చునేదానివని నాన్న చెబుతుంటాడు.

నా పరిశోధన చివరికొచ్చింది అత్తా. పెట్టెలో గాజుపలకలున్నాయి. వాటి మీద మేం బంగారు చుక్కలు అద్దాం. కంటికి కనబడవు. నీ తలవెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే అందులో ఒక చీలిక ఎంతుంటుందో, ఒక్కో చుక్క అంత. బంగారం అంత చిన్నదైతే దాని మీద పడ్డ వెలుగు మామూలుగా తిరిగి పోదు. చుక్కకీ చుక్కకీ మధ్య సందులో ఇరుక్కుని బలం పుంజుకుంటుంది. నీళ్ళలో ఉన్న ఒకానొక పదార్థం రవ్వంత ఆ సందులో చిక్కినా చాలు, మా మిషనులో పెట్టి నీలం వెలుగు వేస్తే మెరుస్తుంది. ఆ పదార్థం ఏమిటో ఇప్పుడే ఎవరికీ చెప్పవద్దన్నారు మా ప్రొఫెసర్ రమణమూర్తి గారు.

నువ్వు చేయవలసింది ఇది. మావయ్య వేటకి వెళ్ళినప్పుడు పెట్టె పడవలో పెట్టాలి. వల వేసిన ప్రతిచోటా ఒక పలకని నీళ్ళలో ముంచి, తీసి, అరలో పెట్టేయాలి. అంచులు పట్టుకోవచ్చు గానీ ముఖం ముట్టుకోకూడదు. ఇవి సరిగ్గా పనిచేశాయంటే నా డాక్టరేటు చేతికొచ్చినట్టే. లేకపోతే మళ్ళీ మొదటికి.

ఉంటాను,
నీ బిందు.

తా.క.: బంగారం సంగతి రేవులో ఎవరితోనూ అనకు.


ఫిషింగ్ హార్బరు,
బుధవారం.

చిరంజీవి హిమబిందుకి మేనత్త గురువమ్మ దీవించి రాయునది. ఉభయకుశలోపరి. మీ మావయ్యకి మోకాలు నొప్పి తప్ప ఇక్కడ అంతా క్షేమం.

నువ్వు చెప్పినట్టే బంగారం సంగతి ఎవరికీ చెప్పలేదు. దుర్గకి చెప్పాను గానీ, గోపాలపట్నం మార్కెట్లో నా పక్క బుట్ట దానిదే కదా, దుర్గ పరాయిదేం కాదు. దుర్గ కూడా ఎవరికీ చెప్పలేదట. కంసాలి జగ్గారావుకి మాత్రం చెప్పిందట. బంగారం విషయం కంసాలికి కాక ఎవరికి చెబుతుంది?

ఆ జగ్గారావు పనిగట్టుకుని ఇంటికొచ్చి, ఒక పలకని అంచులు పట్టుకుని ఎండకి ఎత్తి చూశాడు. చూసి పెదవి విరిచాడు. "ఇదేటి బంగారం గురువమ్మా? గులాబీ రంగుగా ఉందేటి? సగానికి సగం రాగి కలిపేసినారు. మీ పిల్లకి ఎవడో టోపీ ఎట్టినాడు" అన్నాడు. మీ ప్రొఫెసరు మంచివాడేనా? బిల్లు తీసుకున్నావా? అడగడానికి నీకు మొహమాటమైతే నేనొచ్చి అడుగుతాను.

మీ మావయ్య మాత్రం ఆ పెట్టెని పసిపిల్లలా చూసుకున్నాడు. వల లాగే కుర్రాళ్ళని దాని దరిదాపులకి రానివ్వలేదు. ఒడ్డుకొచ్చాక తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుని, "ఇందల బంగారం ఉంది, ఎవలకీ సెప్పకండి" అని అందరికీ చెప్పాడు.

పలకలన్నీ బాబీ చేతికిచ్చాను. లెక్క సరి చూసుకో.

ఇట్లు నీ మేలు కోరే
అత్త.

తా.క.: కొత్త పెట్టె కదా, ఉత్తినే పడవ ఎక్కిస్తామా? మూతకి పసుపూ కుంకుమా పెట్టి, గంగమ్మకి దండం పెట్టుకునే ఎక్కించాను. నువ్వు రాయడం మరిచిపోయినా నేను మరవను.


కూర్మన్నపాలెం,
సోమవారం.

బంగారంలాంటి గురువత్తకి బిందు నమస్కారాలు.

ముందు జగ్గారావుతో చెప్పు, రాగి లేదు, ఏమీ లేదు. బంగారం పెద్ద ముక్కగా ఉన్నప్పుడే పచ్చగా ఉంటుంది. మేం చేసినంత చిన్నది చేస్తే దాని రంగే మారిపోతుంది, ఎర్రబడుతుంది. రంగు వస్తువులో ఉందనుకుంటాం గానీ, ఎంత సైజు చుక్కని ఏ వెలుగు ఎలా తాకిందన్న దానిలో కూడా ఉంటుంది. కంసాలి ఒప్పుకోకపోతే వదిలెయ్.

అసలు కబురు విను అత్తా! నీ పలకలు వెలిగాయి! ఒకటీ అరా కాదు, మావయ్య ముంచిన ప్రతి పలకా వెలిగింది. మిషను మీద గీత పైకి లేచి, తెర దాటి పోయింది. రమణమూర్తి గారు కుర్చీలోంచి లేచి నాకు షేక్‌హ్యాండిచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన నా వైపు చూసి నవ్వడం ఇదే మొదటిసారి. పెద్ద హాల్లో అందరి ముందూ మాట్లాడమన్నారు. పేపరువాళ్ళు కూడా వస్తారట. నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

మావయ్యని ఇంకొన్ని పలకలు ముంచమను. పెట్టె పంపుతున్నాను. ఏం వెలిగిందో, ఎందుకు వెలిగిందో పేపర్లో వచ్చాకే చెబుతాను. కొంచెం ఓపిక పట్టు.

నీ బిందు.

తా.క.: వెలిగిన సంగతి కూడా ఎవరితోనూ అనకు. దుర్గతో కూడా.


గోపాలపట్నం మార్కెట్టు నుంచి,
ఆదివారం, బేరాల మధ్య.

మా వంశానికి పేరు తెచ్చిన చిరంజీవి హిమబిందుకి మేనత్త దీవెనలు.

దుర్గతో అనలేదు. నీ మీద ఒట్టు. మార్కెట్టు మొత్తానికి ఒకేసారి చెప్పాను, అందులో దుర్గ కూడా ఉంది.

ఏం చెయ్యమంటావే? కార్తీక మాసమంతా జనం చేప మొహం చూడలేదు. ఇప్పుడు మార్గశిర లక్ష్మివారాలు వచ్చిపడ్డాయి. నిన్న బేరం లేక బుట్ట ముందు కూర్చుని ఈగలు తోలుకుంటుంటే, నీ ఉత్తరం గుర్తొచ్చి కడుపు నిండిపోయింది. లేచి నిలబడి, "మా రేవు సేపలు ఎలుగుతాయి! నా మేనకోడలు కనిపెట్టింది! పేపర్లో ఏత్తారు!" అని ఒక్క కేక పెట్టాను. అంతే, బుట్ట చుట్టూ జనం.

టీచరు రోజారమణి గారు లేరూ, ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, "గురువమ్మా, ఆ వెలుగు వండాక కూడా ఉంటుందా, పులుసులో దిగిపోతుందా?" అని అడిగారు. దిగదని చెప్పాను. నాకేం తెలుసు? ఇంకొకావిడ చందువ చేపని చున్నీ కింద పెట్టుకుని తొంగి చూసింది. "కొంచెం ఎలిగినట్టే ఉందండీ" అంది. దాంతో పక్కావిడ వంజరం అడిగింది. మధ్యాహ్నానికల్లా బుట్ట ఖాళీ.

కానీ ఇవాళ పొద్దున్నే ఒకాయన నిన్న కొన్న కానాగంతలు పట్టుకుని తగాదాకి వచ్చాడు. "లైట్లన్నీ ఆపేసి సూసినాం. ఒక్కటీ ఎలగలేదు. నాకు నిల్వ సేపలు అంటగట్టీసినావు" అంటాడు. ఇప్పుడిక అందరికీ అదే పట్టుకుంది, వెలగని చేప పాత చేప అని బేరం దించుతున్నారు. ఎన్నాళ్ళకి వెలుగు ఆరిపోతుందో కాస్త రాసి పంపు. దుర్గ కూడా తన బుట్టలోవి వెలుగుతాయనే చెబుతోంది. ఒకే రేవు కదా, కాదనడమెలా?

పేపరు ఏ రోజు వస్తుందో చెప్పు. మార్కెట్లో అందరికీ తలొకటి కొంటాను.

నీ అత్త గురువమ్మ.

తా.క.: ఈ కాగితానికి చేప వాసన ఉంటే అది తాజా చేపదే.


కూర్మన్నపాలెం,
మంగళవారం.

అత్తకి,

పేపరు కొనకు.

కొనేసి ఉంటే ఎవరికీ పంచకు. పంచేసి ఉంటే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

నీకు ముందే చెప్పవలసింది. ఆ పలకలు వెలిగేది ఓడల నూనె తగిలితే. మావయ్య వల వేసే ప్రతిచోటా నీళ్ళలో నూనె ఉందని మా లెక్క చెబుతోంది. హాల్లో నేను చెప్పింది అంతే. చేపల మాటే ఎత్తలేదు. కానీ నీళ్ళలో ఉంటే చేపలో ఉండదా అని విలేకరి అడిగాడు. రమణమూర్తి గారు, ఉండవచ్చు అన్నారు. ఆ "వచ్చు" చివరికి అచ్చులో పడలేదు.

నూనె ఉన్న చోటు తెలిస్తే బాగు చేయిస్తారు, రేవుకే మంచిదని అనుకున్నాను. నేను రేవు పిల్లనే కదా. కానీ నువ్వు చేపలు వెలుగుతాయని మార్కెట్టంతా చాటుతావని కలలో కూడా అనుకోలేదు. నాకు సిగ్గుగా ఉంది అత్తా. హాల్లో చప్పట్లు కొట్టినప్పుడు నవ్వాను, అది తలుచుకుంటే మరీ సిగ్గుగా ఉంది.

బిందు.

తా.క.: మావయ్యని కొన్నాళ్ళు ఫోన్ తీయవద్దను.


ఫిషింగ్ హార్బరు,
శనివారం.

డాక్టరు కాబోతున్న హిమబిందు గారికి గురువమ్మ రాయునది.

తమరి దయవల్ల బుట్ట నిండుగా వెళ్ళి నిండుగా తిరిగొస్తోంది. చేపలు ఐసు మార్చుకుంటున్నాయి, మేం మొహాలు మార్చుకుంటున్నాం. కొనడానికి వచ్చేవాడు లేడు గానీ అనడానికి మాత్రం వస్తున్నారు. నిన్న ఒకడు బైకు ఆపి మరీ, "ఎలిగే గురువమ్మా! నీ సేపకి ఏపుడుకి నూనె ఎయ్యక్కర్లేదంట కదా?" అని పోయాడు.

నన్ను అంటే పడతాను. నోరు జారింది నేనే. కానీ దుర్గ చేసిన పాపమేమిటి? దాని పిల్లకి కాలేజీ ఫీజు గడువు దగ్గరపడింది. అది నాతో మాట్లాడటం మానేసి బుట్టని అవతలి చివరికి జరుపుకుంది. ఇన్నాళ్ళూ ఒకే టార్పాలిన్ కింద కూర్చున్నవాళ్ళం. రేవులో మీ మావయ్య వస్తుంటే మాటలాపేస్తున్నారు. ఆయన పడవ దిగి నేరుగా ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

నీ మీద కోపమని కాదు. ఏం రాయాలో తోచలేదు, తోచిందే రాశాను.

గురువమ్మ.

తా.క.: పలకలు పంపుతున్నాను. బంగారం నీకే ఉంచుకో.


కూర్మన్నపాలెం,
గురువారం.

గురువమ్మ గారికి,

నూనె కాదట. పసుపట!

మొన్న రమణమూర్తి గారు వెలిగిన పలకల్ని ఇంకో సంస్థకి తీసుకెళ్ళారు. మా మిషను ఎంత వెలిగిందో చూస్తుంది గానీ ఏ రంగులో వెలిగిందో చూడదు. వాళ్ళది రంగులు విడదీసి చూపిస్తుంది. అక్కడి ఆయన తెర మీద గీత చూసి, "ఇది ఓడల నూనె కాదండీ, మన వంటింటి పసుపు" అని నవ్వాపుకోలేకపోయారు. పసుపుకి నీలం వెలుగు తగిలితే పచ్చగా మెరిసే గుణం ఉంది. మామూలుగానే మెరుస్తుంది, మా బంగారు చుక్కల మధ్య పడితే ఇక చెప్పాలా?

మూతకి పసుపు పెట్టానని నువ్వే రాశావు. ముఖం ముట్టుకోవద్దని నేనూ రాశాను. ఏది ముఖమో, ఏది మూతో నీకెలా తెలుస్తుందిలే! ప్రతిదానికీ పసుపేనా అత్తా? ప్రెషర్ కుక్కరుకి పసుపు, టీవీకి పసుపు, చివరికి నా పరిశోధనకి కూడా పసుపు. ఎన్నాళ్ళు చదివితే ఇక్కడిదాకా వచ్చానో నీకు తెలుసా? హాల్లో ఎవరు చప్పట్లు కొట్టారో, వాళ్ళ ముందే నిలబడి తప్పని చెప్పుకున్నాను. నేల చీలితే దిగిపోదామనిపించింది.

పేపర్లో సవరణ వేస్తారట. ఎక్కడో లోపలి పేజీలో, అంగుళం జాగాలో. కొత్త పలకలు పంపుతున్నాను. ఈసారి దయచేసి నువ్వు పెట్టె దగ్గరికే వెళ్ళకు. మావయ్యనే చేతులు కడుక్కుని ముంచమను.

హిమబిందు.


ఫిషింగ్ హార్బరు,
సోమవారం.

చిరంజీవి హిమబిందుకి తప్పు చేసిన మేనత్త దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివాను. పసుపు మూత మీదే పెట్టాను తల్లీ. పలకలకి తగిలిందని నాకు తెలియదు. పెట్టాక చెయ్యి కూడా కడుక్కున్నట్టే గుర్తు. అయినా అంత పెద్ద మిషను చెబుతుంటే నా గుర్తు ఎంతలే. తగిలే ఉంటుంది. మంచి జరగాలని పెట్టిన బొట్టు నీ మొహానికి మసైంది. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

లోపలి పేజీ సవరణ ఎవరు చదువుతారు? అందుకని నిన్న ఆదివారం రద్దీలో ఐసు పెట్టె ఎక్కి నిలబడ్డాను. నాకు మాటలు రావని ఎవరూ అనరు గానీ, నిన్న నిజంగా రాలేదు. చివరికి అన్నాను.

"అందరూ ఇనండి. సముద్రంలో నూనె నేదు. సేపల్లో నూనె నేదు. పసుపు ఎట్టింది నాను. తప్పు నాది. నా మేనకోడలిది కాదు, దుర్గది కాదు, గంగమ్మతల్లిది అసలే కాదు. తిడితే నన్ను తిట్టండి, సేపలు మాత్రం కొనుక్కోండి."

అప్పుడు వెనకనించి ఎవడో, "పసుపు ఎట్టీసినావు, ఉప్పూ కారం కూడా ఎట్టీసుంటే మాకు పని తగ్గును కదే గురువమ్మా!" అన్నాడు. ఇక చూడు, మార్కెట్టు మార్కెట్టంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. దిగేటప్పుడు దుర్గే వచ్చి చెయ్యిచ్చింది.

చేపలు అమ్ముడవుతున్నాయి. నీకు ఆ బెంగ వద్దు. నన్నిప్పుడు అందరూ పసుపు గురువమ్మ అంటున్నారు. చిన్న పిల్లలు కూడా. రోజారమణి టీచరు గారు మాత్రం ఏమీ అనలేదు. ఇన్నాళ్ళూ ఎదురుపడితే నీ చదువు గురించి అడిగేవారు, నిన్న అడగలేదు. అదొక్కటే కొంచెం కష్టంగా ఉంది.

కొత్త పలకలు మీ మావయ్యే ముంచాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. నేను ఆ పెట్టె ఉన్న గదిలోకి కూడా వెళ్ళలేదు. గుమ్మంలోంచే దణ్ణం పెట్టుకున్నాను. దణ్ణానికి రంగుండదు కదా?

నీ అత్త.

తా.క.: నిన్న ఒకావిడ చేప కొని, "పసుపు రాసిందే ఇవ్వు, మా ఇంట్లో అయిపోయింది" అంది. హాస్యమో నిజమో తెలియక రాసే ఇచ్చాను.


కూర్మన్నపాలెం,
శుక్రవారం.

గురువత్తకి హిమబిందు పాదాలకి నమస్కరించి రాస్తున్నది.

ఈ ఉత్తరం చించి మళ్ళీ మళ్ళీ రాశాను. ఎలా మొదలుపెట్టినా సిగ్గే ముందొస్తోంది.

మావయ్య సబ్బు చేతులతో ముంచిన పలకలు కూడా వెలిగాయి. మొదటివాటి కన్నా ఎక్కువే. నువ్వు మళ్ళీ ఏదో చేశావనే అనుకున్నాను. దణ్ణాన్ని కూడా అనుమానించాను, అంత బుద్ధిహీనురాలినయ్యాను. ఆఖరికి సముద్రం మొహమే చూడని పలకని, ల్యాబులోనే సీలు విప్పి మిషనులో పెట్టాను. అదీ వెలిగింది.

అప్పుడు టార్చి వేసి మిషను మూతిలోకి చూశాను. పలకని దూర్చే సందు అంచున పచ్చగా ఉంది.

దసరాకి ల్యాబులో ఆయుధపూజ చేశామని నీకు చెప్పలేదు. ఇంత చదివి మిషనుకి పూజేమిటని నవ్వుతావేమోనని చెప్పలేదు. మిషను కొత్తగా వచ్చింది. రమణమూర్తి గారు నిమ్మకాయలు కోశారు. పసుపు తడిపి బొట్టు పెట్టింది నేను. పైన పెడితే సరిపోయేది. కానీ మన పడవకి నువ్వు ముక్కు దగ్గర కదా పెడతావు, ముందుకి వెళ్ళేది ఆ వైపే కదా అని, పలక లోపలికి వెళ్ళే చోట మూడు వేళ్ళతో దట్టంగా అద్దాను. దూర్చిన ప్రతి పలకా ఆ పసుపుని గీక్కుంటూ వెళ్ళింది. రోజూ పని మొదలుపెట్టే ముందు ఖాళీ పలక పెట్టి చూడాలి, మా చదువులో మొదటి పాఠం అది. తొందరలో దసరా తర్వాత ఒక్కరోజు కూడా చూడలేదు.

నీ పసుపు మూత మీదే ఉంది అత్తా. పలకలకి తగల్లేదు. నువ్వు ఆ మాట రాశావు. నేను చదివాను. చదివి నమ్మలేదు.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే నాకు అన్నం సయించదు. హాల్లో తప్పని చెప్పుకున్న రోజు, "ఆ పలకలు ముంచినదెవరమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు. మా అత్త, మా మావయ్య అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "రేవులో ఎవరో" అన్నాను. నువ్వు ఐసు పెట్టె ఎక్కి "నా మేనకోడలిది కాదు" అన్న ఆ ఆదివారానికి ముందే, నేను నిన్ను ఎవరో అనేశాను.

మిషను తుడిచి, మావయ్య ముంచినవాటిలో ఇంకా మిషనులో దూర్చని పలకలన్నీ పెట్టి చూశాను. మావయ్య వల వేసే చోట నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క పలకా వెలగలేదు. రమణమూర్తి గారికి అంతా చెప్పాను. నిమ్మకాయలు తానే కోశానన్నది గుర్తొచ్చి కాబోలు, ఆయన నన్నేమీ అనలేదు. నా పని మళ్ళీ మొదటికొచ్చింది. దానికి ఏడవడం లేదు. నిన్న ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ముంచింది మా మావయ్య వరహాలు, పంపింది మా మేనత్త గురువమ్మ, పసుపు నాది అని చెప్పాను. ఆయన "ఓహో" అన్నారు. అంతే. ఆ మాట మొదట్లోనే అనడానికి నాకేమయిందో తెలియదు.

ఎల్లుండి ఆదివారం పొద్దున్నే గోపాలపట్నం వస్తున్నాను. ఆ ఐసు పెట్టె కాసేపు నాకివ్వు. ఎక్కి చెబుతాను. రోజారమణి టీచరు గారిని తప్పకుండా ఉండమను. నవ్వితే నన్ను చూసి నవ్వనీ. నువ్వు నా పక్కన నిలబడితే చాలు. నిలబడనంటే కూడా నాకు అర్థమవుతుంది.

నీ మేనకోడలు
బిందు.

తా.క.: తుడిచాక మిషను బోసిగా ఉందట. రమణమూర్తి గారు దాని చుట్టూ ఓసారి తిరిగి, "పసుపు వద్దులేమ్మా, వెనకాల స్విచ్చు దగ్గర చిన్న కుంకుమ బొట్టు పెడితే తప్పా?" అని మెల్లగా అడిగారు. కుంకుమ కూడా పసుపుతోనే చేస్తారు కదా అత్తా? ఆయనకి నువ్వే ఒక ఉత్తరం రాయి.